జొన్న తినే ఇంట్లో ట్రిప్టోఫాన్ లెక్క

ట్రిప్టోఫాన్ మన ఒళ్లు సొంతంగా తయారు చేసుకోలేని అమైనో ఆమ్లం. తిండిలోంచే రావాలి. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 4 మి.గ్రా. చాలు, అంటే 60 కిలోల మనిషికి 240 మి.గ్రా. వంద గ్రాముల జొన్నపిండిలో ఇది సుమారు 100 మి.గ్రా. పైన ఉంటుంది. అంతే కందిపప్పులో 200 దగ్గర, పల్లీల్లో 250 దగ్గర ఉంటుంది. ఒక గుడ్డులో 80 దాకా దొరుకుతుంది. కడుపునిండా తినే ఇంట్లో ఈ లెక్క తేలికగానే కుదురుతుంది. అయినా దక్కన్‌లో జొన్నే ప్రధానాహారంగా బతికిన పేదల్లో ఒకప్పుడు పెల్లాగ్రా, అంటే నయాసిన్ అనే విటమిన్ కొరతతో వచ్చే జబ్బు, కనిపించేది. కాబట్టి ఎంత తిన్నామన్న దానితో పాటు, తిన్నది ఒంట్లో ఎటు పోతోందో కూడా చూసుకోవాలి.

పోయే దారులు మూడు. సింహభాగం, 90 శాతం పైనే, కాలేయంలోనూ రోగనిరోధక కణాల్లోనూ కైన్యురెనిన్ అనే పదార్థంగా మారుతుంది. నయాసిన్ అనే బి-3 విటమిన్ ఈ దారి చివరనే తయారవుతుంది. 60 మి.గ్రా. ట్రిప్టోఫాన్ నుంచి వచ్చేది సుమారు 1 మి.గ్రా. నయాసిన్. దీనికి బి-2, బి-6 విటమిన్లు తప్పనిసరి, అవి లేకపోతే పని మధ్యలోనే ఆగిపోతుంది. రెండో దారిలో కొద్ది భాగం, మెదడులోనూ పేగులోనూ సంకేతాలు మోసే సెరొటోనిన్ అవుతుంది. ఒంట్లోని సెరొటోనిన్‌లో 90 శాతం పేగులోనే ఉంటుంది, అది మెదడులోకి వెళ్లదు. మిగిలింది పెద్దపేగులోని బ్యాక్టీరియాకు చేరి ఇండోల్, దాని తోటి పదార్థాలు అవుతుంది. లాక్టోబాసిల్లస్ జాతులు చేసే ఇండోల్ ఆల్డిహైడ్ పేగు గోడలోని రోగనిరోధక కణాలను మేలుకొల్పి, గోడను కాపాడే ఐఎల్-22 అనే సంకేత ప్రొటీన్‌ను పెంచుతుందని ఎలుకల మీద ప్రయోగాల్లో తేలింది.

జొన్నతో వచ్చే చిక్కు లూసిన్ అనే మరో అమైనో ఆమ్లం. జొన్న ప్రొటీన్‌లో అది బియ్యం ప్రొటీన్‌లో కన్నా చాలా ఎక్కువ. హైదరాబాద్ పోషకాహార పరిశోధనశాలలో పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ఈ లూసిన్‌కూ పెల్లాగ్రాకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు. తర్వాత దీని మీద వాదోపవాదాలు జరిగాయి గానీ, ఆచరణలో తేలే మాట మారలేదు. జొన్న మంచి తిండే. రొట్టె, పచ్చికారంతోనే పూట గడవడం మంచిది కాదు.

పళ్లెం ఎలా కూర్చుకోవాలి

ఒక పెద్ద మనిషికి రోజుకు వండకముందు తూకంలో ధాన్యం మూడు పాళ్లు, పప్పు ఒక పాలు పెట్టుకోండి. 240 గ్రాముల ధాన్యంలో వంద గ్రాముల జొన్నపిండి (రెండు మోస్తరు రొట్టెలు), మిగతాది బియ్యం. 80 గ్రాముల పప్పులో 50 కందిపప్పు, 30 పొట్టుతో ఉన్న అనుములో పెసర్లో ఉలవలో. పాలమూరులో పల్లీలకు కొదవ లేదు, రోజుకు గుప్పెడు, అంటే 25 గ్రాములు వేసుకోండి. పాలు, పెరుగు, చల్ల అన్నీ కలిపి 300 మి.లీ. పాలకు తగ్గకూడదు, ఎందుకంటే శాకాహారుల ఇళ్లలో బి-2 ఎక్కువగా అక్కడి నుంచే రావాలి. పాలను పారదర్శకమైన సీసాలో ఎండకు పెడితే ఆ బి-2 నశిస్తుంది. బి-6కు పప్పులు, పల్లీలు, అరటిపండు, తినేవాళ్లకు చేప, మాంసం. వంద గ్రాముల పుంటికూరో తోటకూరో, ఒక జామకాయ కలిస్తే పీచు రోజుకు 30 గ్రాములు దాటుతుంది.

ఈ పీచుకే మేం ఎక్కువ విలువ ఇస్తాం. పెద్దపేగులో పీచు అయిపోతే బ్యాక్టీరియా ప్రొటీన్ మీద పడుతుంది, అప్పుడు ఇండోల్ ఎక్కువ తయారవుతుంది. అది కాలేయంలో ఇండాక్సిల్ సల్ఫేట్ అనే వ్యర్థం అవుతుంది, దాన్ని మూత్రపిండాలే బయటికి పంపాలి. పీచు అందుతున్నప్పుడు అదే ట్రిప్టోఫాన్‌లో ఎక్కువ భాగం ఇండోల్‌ప్రొపియానిక్ యాసిడ్ లాంటి మేలు చేసేవాటికి మిగులుతుంది. అయితే ఒక్కరోజులో పెంచితే కడుపు ఉబ్బుతుంది. వారానికి 5 గ్రాముల చొప్పున పెంచండి, నీళ్లూ పెంచండి. అనుములు, ఉలవలు 8 నుంచి 10 గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికిస్తే గ్యాస్ తగ్గుతుంది. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగు వాపు జబ్బులు ఉన్నవాళ్లు జబ్బు ముదిరిన రోజుల్లో పొట్టు పప్పులు, గింజలు సొంతంగా పెంచొద్దు.

జొన్న అంబలి

యాభై గ్రాముల జొన్నపిండిని 200 మి.లీ. నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మట్టికుండలోనో స్టీలు గిన్నెలోనో మూతపెట్టి పులియనివ్వండి. పులుపుకు అల్యూమినియం, రాగి గిన్నెలు పనికిరావు. చలికాలం 12 గంటలు పడుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే రోజుల్లో 6 నుంచి 8 గంటలకే పులుస్తుంది, ఆలస్యమైతే ముక్కు మూసుకునేంత పుల్లబడుతుంది. తర్వాత 600 మి.లీ. నీళ్లు మరిగించి, పులిసిన పిండిని సన్నని ధారగా పోస్తూ కలుపుతూ 15 నిమిషాలు సన్నమంట మీద ఉడికించండి. పిండి అడుగున పేరుకుంటే ముందుగా గరిటెతో లేపాలి, లేకుంటే ఉండలు కడుతుంది. పూర్తిగా చల్లారాక 250 మి.లీ. చల్ల, ఉప్పు, ఉల్లిగడ్డ ముక్కలు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, వేడిగా ఉండగానే చల్ల పోయడం. మరిగిన గంజిలో పులియబెట్టిన బ్యాక్టీరియా అంతా చస్తుంది. బతికి ఉన్నది చల్లతోనే రావాలి కాబట్టి, గిన్నెను చేత్తో తాకితే వేడి తగలనప్పుడే కలపండి. పిండి తీగలు సాగినా, పచ్చగానో గులాబీగానో మచ్చలు కనిపించినా, మురుగు వాసన వచ్చినా మొత్తం పారబోయండి, పైపొర తీసేసి వాడొద్దు.

పళ్లెంతో తీరనివి

ఎండ తగిలే చోట్ల, రెండు చేతుల మీద, మెడ చుట్టూ ఒకేలా నల్లబడి పొలుసులు రాలడం, విరేచనాలు, మతిమరుపు లేదా తికమక కనిపిస్తే పెల్లాగ్రా అనుమానించాలి. దానికి డాక్టరు రాసే నికోటినమైడ్ (బి-3లో ఒక రూపం) మాత్రలు కావాలి, అంబలి సరిపోదు. మద్యం ఎక్కువగా తాగేవాళ్లకు ముప్పు ఎక్కువ. టీబీకి ఐసోనియాజిడ్ వాడేవాళ్లలో ఆ మందు బి-6ను అడ్డుకుంటుంది కాబట్టి పైరిడాక్సిన్ (బి-6 మాత్ర) కూడా ఇస్తున్నారో లేదో అడగండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు పప్పు, పల్లీలు, ఆకుకూరలు ఎంత తినాలో డాక్టరుతోనే తేల్చుకోవాలి. వాళ్లకు మలబద్ధకం మిగలకుండా చూడడం చాలా ముఖ్యం.

మందుల దుకాణంలో సొంతంగా యాంటీబయాటిక్ కొనొద్దు, అది ఇండోల్ పదార్థాలు చేసే బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. ట్రిప్టోఫాన్ మాత్రలు, ఒంట్లో సెరొటోనిన్‌గా మారే 5-హెచ్‌టీపీ మాత్రలు కూడా వద్దు. కుంగుబాటుకు సెరొటోనిన్ పెంచే మందు వాడేవాళ్లు వీటిని కలిపితే వణుకు, జ్వరం, గుండెదడతో ప్రాణం మీదికి వస్తుంది. 1989లో అమెరికాలో కలుషితమైన ట్రిప్టోఫాన్ మాత్రల వల్ల ఇయోసినోఫిలియా మయాల్జియా అనే జబ్బు వచ్చి మనుషులు చనిపోయారు కూడా.

కుంగుబాటు తేల్చడానికి రక్తంలో సెరొటోనిన్ పరీక్ష పనికిరాదు. కార్సినాయిడ్ అనే కణితి అనుమానంతో 24 గంటల మూత్రంలో 5-హెచ్‌ఐఏఏ (సెరొటోనిన్ విరిగితే వచ్చే పదార్థం) చూడమని డాక్టరు రాస్తే మాత్రం మూడు రోజుల ముందు నుంచి అరటిపండు, అనాస, అక్రోట్, టమాట, వంకాయ మానండి. మన కూరల్లో టమాట లేని రోజు ఉండదు కాబట్టి చారును చింతపండుతో, కూరను బీరకాయతోనో సొరకాయతోనో చేసుకోండి. మొదటి రోజు పొద్దున లేవగానే పోసింది వదిలేసి, అప్పటి నుంచి మర్నాడు అదే వేళకు పోసిన దానితో సహా అంతా ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే చేర్చాలి. అందులో ముందే యాసిడ్ పోసి ఉండొచ్చు, కడగొద్దు, నేరుగా అందులో పోయొద్దు. వేరే గిన్నెలో పట్టి డబ్బాలోకి వంపి, చల్లని చోట ఉంచండి. మధ్యలో ఒక్కసారి వదిలేసినా లెక్క తక్కువ చూపిస్తుంది, అప్పుడు మొదటి నుంచి మళ్లీ పట్టాలి.