మేక్‌ఫైల్‌లో ఒక్క కోలన్

బిల్డ్ మొదలుపెట్టిన ప్రతిసారీ నత్తనడకేనా? మేక్‌ఫైల్‌లో (కోడ్ నుంచి ప్రోగ్రామ్‌ను ఎలా బిల్డ్ చేయాలో గ్ను మేక్ అనే టూల్‌కు చెప్పే ఫైలు) షెల్ కమాండ్‌తో విలువ తెచ్చుకునే వేరియబుల్స్‌ను ఒకసారి చూడండి. నా ఫైలులో, గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్) నుంచి వెర్షన్ సంఖ్య తెచ్చే వరుసలో = ఉంది. గ్ను మేక్ దాన్ని అక్కడికక్కడే లెక్కకట్టదు. ఆ పేరు వాడిన ప్రతిచోటా కమాండ్‌ను మళ్లీ నడుపుతుంది. కంపైల్ వరుసలో ఆ పేరుంటే, 60 సీ ఫైళ్లకు గిట్‌ను 60 సార్లు నిద్రలేపినట్టే!

= తీసేసి := పెట్టాను. ఇప్పుడు మేక్‌ఫైల్ చదివేటప్పుడే కమాండ్ ఒక్కసారి నడుస్తుంది, ఆ విలువే చివరిదాకా నిలుస్తుంది.

ఒక జాగ్రత్త: := కుడివైపున్న వేరియబుల్‌ను ఆ వరుసకు కింద ఎక్కడో నిర్వచించి ఉంటే ఖాళీ విలువే వస్తుంది, మామూలుగా హెచ్చరిక కూడా రాదు. దాన్ని పైకి జరపండి. $@ (అప్పుడు తయారవుతున్న ఫైలు పేరు) వంటివి ఉన్న వరుసల్లో మాత్రం = గుర్తునే ఉంచండి.