ఆఫీసు గదిలోని కంప్యూటర్‌కి వాటర్ కూలింగ్ మీరే బిగించుకోవడం ఎలా? విశాఖ ఉక్కపోతలో చేయాల్సిన పద్ధతి

ముందు ఒక విషయం తేల్చుకోండి: మీకు ఇది నిజంగా అవసరమా? 65 వాట్ల ప్రాసెసర్ మీద మెయిళ్లు, ఎక్సెల్, వీడియో మీటింగులు నడిపే కంప్యూటర్‌కి మంచి గాలి కూలర్ చాలు. నీళ్ల జోలికి వెళ్లక్కర్లేదు. రోజంతా కోడ్ కంపైల్ అయ్యే మిషన్, వీడియో రెండరింగ్ చేసేది, పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్నది, మొత్తం మీద 250, 300 వాట్లు లాగేది అయితే నీళ్లు పనికొస్తాయి. ఫ్యాన్ల గోల తగ్గుతుంది, మీటింగులో అవతలివాళ్లకి మీ గొంతే వినిపిస్తుంది.

నీళ్లు వేడిని మాయం చేయవు, మోసుకెళ్తాయంతే. మిషన్ 300 వాట్లు లాగితే ఆ 300 వాట్లూ చివరికి మీ గదిలోకే వస్తాయి. అందుకే క్యాబినెట్‌ని టేబుల్ కింద అరలో తలుపేసి పెట్టి, దానికి వాటర్ కూలింగ్ బిగిస్తే ఒరిగేదేమీ ఉండదు. డబ్బా చుట్టూ నాలుగు పక్కలా కనీసం జానెడు ఖాళీ ఉండాలి.

సామాన్లు

సీపీయూ బ్లాకు ఒకటి (ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని నీళ్లకి ఇచ్చే దిమ్మ, మీ బోర్డు సాకెట్‌కి సరిపడేది), 360 మి.మీ. రేడియేటర్ (నీళ్ల వేడిని గాలికి వదిలేది), మూడు 120 మి.మీ. ఫ్యాన్లు, ట్యాంకుతో కలిసొచ్చే డీ5 రకం పంపు, రెండు మీటర్ల ట్యూబ్, ట్యూబ్ కొసలు బిగించే ఎనిమిది ఫిట్టింగులు, మూడు దారులున్న ఒక టీ జాయింటు, నీళ్లు దించడానికి ఒక బాల్ వాల్వ్, నీళ్ల ఉష్ణోగ్రత చూపే సెన్సర్. రేడియేటర్ 27 నుంచి 30 మి.మీ. మందం, ఫ్యాన్ 25 మి.మీ. రెండూ కలిపి 55 మి.మీ. దాకా వస్తుంది. క్యాబినెట్ పైకప్పుకీ మదర్‌బోర్డుకీ మధ్య అంత చోటు ఉందో లేదో స్కేలు పెట్టి కొలిచాకే కొనండి.

రేడియేటర్‌లో నీళ్లు పారే గొట్టాలు రాగివో ఇత్తడివో అయి ఉండాలి. అల్యూమినియం వద్దు. చవక కిట్లలో వచ్చేవి ఎక్కువగా అల్యూమినియంవే. రాగి బ్లాకు, అల్యూమినియం రేడియేటర్ ఒకే నీళ్లలో ఉంటే అది చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. కొన్ని నెలలకే బ్లాకులోని సన్నని గాళ్లలో తెల్లటి మడ్డి పేరుకుంటుంది. ఆటోనగర్‌లో పాత కారు రేడియేటర్ చవకగా దొరుకుతుందని తెచ్చి తగిలించేవాళ్లకీ ఇదే గతి.

ట్యూబ్ నల్లటి ఈపీడీఎం రబ్బరుది తీసుకోండి. పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబులోంచి కాలక్రమేణా మెత్తదనం ఇచ్చే పదార్థం నీళ్లలోకి దిగి, బ్లాకులో జిగురులా పడుతుంది. గాజులా మెరిసే గట్టి ట్యూబులు ఫొటోకి బాగుంటాయి. పనిచేసుకునే మిషన్‌కి మాత్రం మెత్తటి ట్యూబే. లోపల 10, బయట 16 మి.మీ. సైజు తీసుకుంటే ఒంపుల దగ్గర నొక్కుకుపోదు. ఫిట్టింగులూ అదే 10/16వి కావాలి. 10/13 ఫిట్టింగులోకి ఈ ట్యూబ్ దూరదు.

ఏ నీళ్లు?

కుళాయి నీళ్లు కాదు, బోరు నీళ్లు అసలే కాదు. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లూ, ఇంట్లో ఆర్‌వో నీళ్లూ కూడా పనికిరావు. తాగడానికి మంచి నీళ్లంటే కొన్ని లవణాలు మిగిలి ఉన్న నీళ్లే. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ రెండు లీటర్లు తెచ్చుకోండి. బ్యాటరీ యాసిడ్ కాదు సుమా, లేబుల్ చదివి తీసుకోండి. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ పెన్ను ముంచి చూస్తే 5 లోపు చూపాలి. 30, 40 చూపిస్తే ఆ డబ్బా వాపసు ఇచ్చేయండి.

అందులో కంప్యూటర్ లూపుల (నీళ్లు తిరిగే చుట్టు) కోసమే అమ్మే రంగులేని కాన్సంట్రేట్ కలపండి. పాచి పట్టకుండా, చిలుము పట్టకుండా చూసేది అదే. పాళ్లు సీసా మీద ఉన్నట్టే, చేతి లెక్కన కాదు. రంగు నీళ్లు, పాలలా కనిపించే నీళ్లు వద్దు. వాటి రంగు పొడి అడుగుకి దిగి గాళ్లను మూసేస్తుంది. కారు కూలెంట్ కూడా వద్దు. విశాఖలో నీళ్లు గడ్డకట్టే చలి ఎప్పుడూ రాదు, యాంటీఫ్రీజ్‌తో మనకేం పని? అందులో ఉండే గ్లైకాల్ కలిపిన కొద్దీ నీళ్లు వేడిని మోసే శక్తి తగ్గుతుంది కూడా.

బిగింపు

1. కొత్త రేడియేటర్‌ని కడగండి. లోపల టంకం వేసినప్పటి మడ్డి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు సగం పోసి, రంధ్రాలు మూసి, రెండు నిమిషాలు బాగా కుదిపి, తెల్ల గిన్నెలోకి వంచండి. నలకలు కనిపించనంత వరకూ మళ్లీ మళ్లీ. ఆఖరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో. అక్రిలిక్ ట్యాంకుని స్పిరిట్‌తో తుడవకండి, సన్నటి పగుళ్లు వస్తాయి.

2. ప్రాసెసర్ మీద బఠాణీ గింజంత థర్మల్ పేస్టు పెట్టి, బ్లాకు దించి, మరలు ఎదురెదురు మూలలు మార్చుకుంటూ తలో రెండు చుట్లు బిగించండి. నీళ్లు లోపలికి వెళ్లే రంధ్రం ఏదో బ్లాకు మీద రాసి ఉంటుంది, దాన్ని తిరగేయకండి.

3. రేడియేటర్ పైకప్పుకి, ట్యాంకు ముందు పక్కకి. ట్యాంకు నుంచి నీళ్లు నేరుగా పంపులోకి దిగాలి. ఆ ఒక్కటి తప్ప మిగతా వరస ఏదైనా ఒకటే. సీపీయూ తర్వాత రేడియేటరా, గ్రాఫిక్స్ కార్డు తర్వాతా అని గంటలు గంటలు వాదించుకుంటారు. నిమిషానికి మూడున్నర లీటర్లు పారే లూపులో 300 వాట్ల వేడికి నీళ్లు ఒక చుట్టులో వేడెక్కేది ఒక డిగ్రీ పైచిలుకే. ట్యూబ్ ఎటు పొట్టిగా వస్తే అటు వేసుకోండి.

4. అన్నిటికంటే కింద ఉన్న చోట టీ, వాల్వ్ పెట్టండి. ఇది వదిలేసినవాళ్లు ఏడాది తర్వాత క్యాబినెట్‌ని బాత్‌రూమ్‌కి మోసుకెళ్లి తలకిందులు చేయాల్సి వస్తుంది.

5. ఫిట్టింగులు. ఓ-రింగ్‌ని (ఫిట్టింగ్ మర దగ్గరుండే రబ్బరు రింగు) నీటి చుక్కతో తడిపి, చేత్తోనే తిప్పండి. ఓ-రింగ్ అంచు లోహానికి ఆనాక పావు చుట్టు, అంతే. పానా పెడితే అక్రిలిక్ మర చీలుతుంది. ట్యూబ్‌ని అడ్డంగా, ఏటవాలు లేకుండా కోయండి. ఫిట్టింగ్ ముక్కు ఎంత పొడవుందో కొలిచి, ట్యూబ్ మీద తెల్ల పెన్నుతో అంత దూరంలో గీత పెట్టండి. కొసని ఒక నిమిషం వేడినీళ్లలో ముంచి, ఆ గీత ఫిట్టింగ్ అంచుకి తగిలేదాకా తోయండి, ఆ తర్వాతే కాలర్ (ట్యూబ్‌ని పట్టి ఉంచే బయటి రింగు) బిగించండి. ట్యూబ్ సగమే దూరినా కాలర్ బిగుసుకుంటుంది, బయటికి బాగానే కనిపిస్తుంది. లీకుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

నీళ్లు నింపడం, లీకు పరీక్ష

పై పనులన్నీ ఎవరైనా చేయగలరు. మిషన్లు పాడయ్యేది ఇక్కడ. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, తొందర. రేపు పొద్దున్న తొమ్మిదికి మీటింగ్ ఉందని రాత్రి పదింటికి నీళ్లు పోయడం. ఈ పని శుక్రవారం రాత్రి మొదలుపెట్టి ఆదివారం సాయంత్రానికి తేల్చుకునేలా పెట్టుకోండి. అంత తీరిక లేకపోతే ఈ వారం వద్దు.

నీళ్ల కంటే ముందు గాలి. ప్రెషర్ మీటర్ ఉన్న చిన్న లీక్ టెస్టర్ దొరుకుతుంది, దాంతో లూపులోకి 0.4 నుంచి 0.5 బార్ గాలి కొట్టి అరగంట వదిలేయండి. అంతకు మించి కొట్టకండి, ట్యాంకు కీళ్లు తట్టుకోవు. ముల్లు కదలకుండా ఉండాలి. మధ్యలో ఏసీ వేస్తే గాలి చల్లబడి ముల్లు రవ్వంత దిగుతుంది. అది లీకు కాదు. అనుమానం వస్తే ఏసీ ఆపి, గది ఉష్ణోగ్రత నిలకడగా ఉన్నప్పుడు మళ్లీ చూడండి. ఆగకుండా దిగుతూనే ఉంటే ఒక్కో ఫిట్టింగ్‌నీ విప్పి ఓ-రింగ్ నలిగిందేమో చూడండి. గాలి నిలవని లూపులో నీళ్లు పోయకండి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. నీళ్లు పోసేటప్పుడు కరెంటు అందాల్సింది పంపుకి మాత్రమే. మదర్‌బోర్డుకి వెళ్లే 24 పిన్‌ల కేబులు, ప్రాసెసర్ కేబులు, కార్డు కేబులు, హార్డ్‌డిస్కులు అన్నీ పీకేయండి. కరెంటు లేని బోర్డు మీద నాలుగు చుక్కలు పడితే ఆరబెట్టుకోవచ్చు. కరెంటున్న బోర్డు మీద ఒక్క చుక్క చాలు. డిస్టిల్డ్ వాటర్‌లో కరెంటు పారదు కదా అని ధైర్యం చెప్పేవాళ్ల మాట వినకండి. ఆ చుక్క బోర్డు మీది దుమ్మునీ ఉప్పునీ తాకిన క్షణంలోనే అది డిస్టిల్డ్ వాటర్ కాకుండా పోతుంది. సముద్రం పక్క ఊళ్లో ఉప్పు పట్టని బోర్డు ఎక్కడుంది?

పవర్ సప్లైని బోర్డు లేకుండా ఆన్ చేయాలంటే 24 పిన్ జంపర్ ప్లగ్ కావాలి. చవకే, కొనుక్కోండి. తీగ ముక్కతో చేసేవాళ్లు ఆకుపచ్చ వైరునీ దాని పక్క నల్ల వైరునీ కలుపుతారు. మీ కేబుల్లో వైర్లన్నీ నల్లవే అయితే ఊహించి కలపకండి. ప్లగ్ పెట్టేటప్పుడు గోడ స్విచ్ ఆపి ఉండాలి.

ట్యాంకు నిండా పోయండి. పంపు 5 సెకన్లు ఆన్, వెంటనే ఆఫ్. ట్యాంకులో మట్టం దిగుతుంది, మళ్లీ పోయండి. మళ్లీ 5 సెకన్లు. ఇలా పది పన్నెండు సార్లు చేయాలి. ట్యాంకు ఖాళీ అయినా పంపుని తిరగనిస్తే ఆ పంపు పోయినట్టే, దాని బేరింగ్‌కి నూనె అయినా చల్లదనం అయినా ఆ నీళ్లే. చెవి పెట్టి వినండి. గాలి ఉన్నంతసేపూ గరగరమంటుంది, నిండాక సన్నని జుమ్ము శబ్దమే. మొత్తం 600 నుంచి 800 మి.లీ. పడుతుంది. నీళ్లు తిరగడం మొదలయ్యాక క్యాబినెట్‌ని నెమ్మదిగా ముందుకీ వెనక్కీ పక్కలకీ వంచితే రేడియేటర్ మూలల్లో దాక్కున్న బుడగలు ట్యాంకులోకి వచ్చేస్తాయి.

ఆపైన ప్రతి ఫిట్టింగ్ కిందా, బ్లాకు చుట్టూ, పంపు కిందా తెల్ల టిష్యూ మడిచి పెట్టండి. పంపుని 24 గంటలు తిరగనివ్వండి. రెండు గంటలు చాలదు. కాలర్ దగ్గరి లీకు గంటకో చుక్క చొప్పున వస్తుంది, ట్యూబ్ సర్దుకున్నాకే మొదలవుతుంది. మన దగ్గర ఇంకో చిక్కుంది: వానాకాలంలో టిష్యూ దానంతటదే మెత్తబడుతుంది. అందుకని ఇంకో టిష్యూ టేబుల్ మీద విడిగా పెట్టుకోండి. రెండూ ఒకేలా మెత్తగా ఉంటే అది గాలిలో చెమ్మ. ఫిట్టింగ్ కిందిదానిలో అంచులు తేలిన మచ్చ కనిపిస్తే, అది ఆరాక కూడా చుట్టూ గీత మిగిలితే, అది లీకు.

లీకు కనిపిస్తే మొదట గోడ స్విచ్ ఆపండి. తర్వాత వాల్వ్ తిప్పి నీళ్లు దించి, ఆ ఒక్క కీలు విప్పి సరిచేసి, గాలి పరీక్ష నుంచి మళ్లీ మొదలుపెట్టండి. పైనుంచి టేపు చుట్టడం, ఎమ్-సీల్ పూయడం లీకుని దాచిపెట్టడమే. బోర్డు తడిస్తే దాని మీది గుండ్రటి చిన్న బ్యాటరీ కూడా తీసేసి, ఫ్యాన్ గాలికి రెండు రోజులు ఆరబెట్టండి. జూలై, ఆగస్టుల్లో అయితే మూడు రోజులు.

ఐసు ముక్కలు వద్దు

ఎండాకాలంలో ట్యాంకు పక్కన ఐసు బకెట్ పెట్టి నీళ్లు చల్లబరచాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. విశాఖలో అది చేయకూడని పని. గది 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువైనా చెమరుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా రెండు నిమిషాల్లో ఎలా చెమటలు పడుతుందో మీ బ్లాకూ, ట్యూబులూ అలాగే పడతాయి. ఒక్క ఫిట్టింగ్ కూడా కారకుండానే బోర్డు తడిసిపోతుంది. నీళ్లు ఎప్పుడూ గది కంటే వేడిగానే ఉండాలి. గది 33 ఉంటే పనిలో నీళ్లు 40 నుంచి 43 దాకా వెళ్లడం సరైన లెక్క. 50 దాటితే మిషన్ ఆగిపోయేలా సెట్ చేసుకోండి. ఫ్యాన్ల వేగం ప్రాసెసర్ వేడిని బట్టి కాకుండా నీళ్ల వేడిని బట్టి మారేలా పెట్టండి, అప్పుడే ఫ్యాన్లు నిమిషానికోసారి లేచి అరవవు.

తర్వాత చూసుకోవాల్సినవి

బీచ్ రోడ్, లాసన్స్ బే వైపు ఇళ్లలో ఉప్పు గాలి, పోర్టు దగ్గర వన్‌టౌన్‌లో నల్ల దుమ్ము. రెండూ చెమ్మతో కలిసి రేడియేటర్ రేకుల మధ్య జిడ్డులా అతుక్కుంటాయి. ఊదితే పోవు. రెండు నెలలకోసారి ఫ్యాన్లు విప్పి, మెత్తటి పెయింటు బ్రష్షుతో రేకుల వాటంగా తుడవండి, అడ్డంగా తుడిస్తే రేకులు వంగుతాయి. ట్యాంకులో మట్టం నెలకోసారి చూడండి, ట్యూబుల్లోంచి కొద్దికొద్దిగా ఇంకుతుంది, కొన్ని మి.లీ. పోస్తే సరి. నీళ్లు ఏడాదికోసారి మార్చండి. దించిన నీళ్లు గాజు గ్లాసులో పోసి కిటికీ వెలుగులో చూడండి. తేటగా ఉంటే కొత్త నీళ్లు పోసి మూసేయండి. ఆకుపచ్చగా ఉంటే చిలుము, తీగలు తేలుతుంటే పాచి. అప్పుడు బ్లాకు విప్పి, పాత టూత్‌బ్రష్‌తో గాళ్లు తోమి, రేడియేటర్ కడగడం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.