ఇంగ్లిష్ మెట్లు - 7వ పాఠం: ‘కంటే’ ఒక్కటే చాలదు

పోయిన పాఠంలో ఇచ్చిన విశేషణాలన్నీ నోటికి రాకపోయినా ఫర్వాలేదు. ఈరోజు పనికొచ్చేవి ఐదారే.

పలాసలో జీడిపప్పు కొనబోతే 180, 210, 240, 320 అని రకాలు చెబుతారు. పౌండుకి, అంటే సుమారు 454 గ్రాములకి, ఎన్ని గుండ్లు తూగుతాయన్నదాన్ని బట్టి వచ్చిన నంబర్లవి. అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది. ‘320 కంటే 240 పెద్దది, అన్నిటికంటే 180 పెద్దది’ అంటాం. రెండుసార్లూ ‘పెద్దది’ మారలేదు, చూశారా? పోలిక బరువంతా ‘కంటే’ మోసేసింది.

ఇంగ్లిష్‌లో ‘కంటే’కి ‘దేన్’ ఉంది గానీ, విశేషణం కూడా మారాలి. ‘బిగ్ దేన్’ కాదు, ‘బిగ్గర్ దేన్’. నేను ఇంటర్ దాకా ‘బిగ్ దేన్’ అనే రాశాను.

చిన్న మాటకి చివర ఇ-ఆర్ చేర్చండి: టాల్, టాలర్. ‘బిగ్’లో మాత్రం జి రెండుసార్లు రాయాలి, ఒక్కటే రాస్తే ‘బైగర్’ అని చదివేస్తారు. ‘ఫైన్’ చివర ఇ ముందే ఉంది, ఆర్ చాలు. పొందూరు ఖద్దరు నూలుకి ఇదే మాట: 60 కౌంటు కంటే 100 కౌంటు ‘ఫైనర్’. అక్కడ అంకె పెరిగితే పోగు సన్నం, జీడిపప్పు లెక్కకి తలకిందులు! ‘హెవీ’ లాంటివాటిలో చివరి వై పోయి ఐ వస్తుంది.

‘ఎక్స్‌పెన్సివ్’ లాంటి పొడుగు మాటలకి తోక తగిలించం, ముందు ‘మోర్’ పెడతాం. ‘ఇంకా పెద్దది’ అనే అలవాటులో ‘మోర్ బిగ్గర్’ అనకండి. గట్టిగా చెప్పాలంటే ‘మచ్ బిగ్గర్’.

ఇక ‘అన్నిటికంటే’. మనం ఎక్కువగా జారేది ఇక్కడే. అందులో ‘కంటే’ కనిపించగానే ‘బిగ్గెస్ట్ దేన్ ఆల్’ అనేస్తాం. ఇ-ఎస్-టి వచ్చాక ‘దేన్’కి పనిలేదు. ముందు ‘ద’, వెనక ఎక్కడో చెప్పే మాట: ‘శ్రీకాకుళం హాజ్ ద లాంగెస్ట్ కోస్ట్ ఇన్ ఆంధ్రప్రదేశ్’. పొడుగు మాటలకైతే ‘ద మోస్ట్ ఎక్స్‌పెన్సివ్’.

‘గుడ్’కి ‘గుడ్డర్’ ఎందుకు రాదో వచ్చే పాఠంలో చూద్దాం. ఈలోగా వీటిని ఇంగ్లిష్‌లో రాయండి:

శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం కంటే అరసవల్లి దగ్గర.
మిల్లు బట్ట కంటే పొందూరు ఖద్దరు ఖరీదు.
మా వీధిలో అన్నిటికంటే పాత ఇల్లు మాది.

మూడోదానిలో ‘దేన్’ రాశారంటే పైకి వెళ్లి మళ్లీ చదవండి.