వెల్ష్ కేకులు కాలుస్తూ కబుర్లు రాబట్టడం ఎలా

వేల్స్ పల్లెలో పెరిగిన పెద్దావిడ చిన్ననాటి సంగతులు రాసుకోవాలంటే ఎదురుగా రికార్డర్ పెట్టకండి, బిగుసుకుపోతారు. వెల్ష్ కేకులు నేర్పమనండి. 225 గ్రాముల మైదాలో కాస్త బేకింగ్ పౌడర్ కలిపి, 110 గ్రాముల వెన్న పొడిపొడిగా నలిపి, 85 గ్రాముల చక్కెర, గుప్పెడు ఎండు నల్లద్రాక్ష, ఒక గుడ్డు వేసి ముద్ద చేసి, కాస్త మందంగా ఒత్తి గుండ్రంగా కోసి, దళసరి ఇనుప పెనం మీద సన్నసెగన రెండువైపులా మూడేసి నిమిషాలు కాల్చాలి.

మొదటి వాయి తిరగేస్తుండగా అడగండి, ఈ పెనం ఎవరిదని. మామ్‌గీదంటే దక్షిణాది కుటుంబం, నైన్‌దంటే ఉత్తరాది. రెండు మాటలకూ అర్థం అమ్మమ్మే, నానమ్మనీ అలాగే పిలుస్తారు. ఇక చాపెల్ (ఊళ్లోని చిన్న చర్చి), సండే స్కూల్ అన్నీ వాటంతటవే వస్తాయి. ఊరినిండా జోన్స్ ఇంటిపేరువాళ్లే కాబట్టి ‘పాల జోన్స్’ లాంటి మారుపేర్లు తప్పక రాసుకోండి, లేదంటే తర్వాత ఎవరు ఎవరో తేలక తల పట్టుకోవాలి.