సిగరెట్ మానేవాళ్లకు: చాయ్‌కీ గమ్‌కీ మధ్య పావుగంట

సిగరెట్ మానడానికి నమిలే నికోటిన్ గమ్ వాడినా పని చేయలేదని చాలామంది కుర్రాళ్లు అంటారు. ఎక్కువసార్లు తప్పు గమ్‌ది కాదు, వాడే తీరుది. ఇరానీ చాయ్ తాగిన వెంటనే గమ్ వేసుకుంటే నోట్లో పులుపు వల్ల నికోటిన్ సరిగ్గా ఒంటికి పట్టదు. చాయ్, కాఫీ, కూల్‌డ్రింక్ తాగాక కనీసం 15 నిమిషాలు ఆగండి. గమ్ నోట్లో ఉన్నంతసేపూ ఏమీ తాగొద్దు.

బబుల్‌గమ్‌లా గబగబా నమిలేయకండి. మెల్లగా నమిలి, నాలుక మీద కారంగా చురుక్కుమనగానే ఆపి, బుగ్గకీ చిగుళ్లకీ మధ్య పెట్టుకోండి. చురుకు తగ్గాక మళ్లీ నమలండి. ఒక్కోటి అరగంట వస్తుంది. తొందరపడితే నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్లు, వికారం వస్తాయి. మామూలుగా 2 మి.గ్రా. గమ్ చాలు. నిద్ర లేచిన అరగంటలోపే సిగరెట్ ముట్టించే అలవాటుంటే 4 మి.గ్రా. గురించి డాక్టర్‌ని అడగండి.

ఇంకోటి, దీన్ని ఎవరూ చెప్పరు: పొగ మానేశాక చాయ్, కాఫీల్లోని కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. దాంతో వచ్చే దడ, నిద్రపట్టకపోవడం సిగరెట్ లేకే అనుకుంటారు. చాయ్‌లు సగానికి తగ్గించి చూడండి.

మొదటి 3 రోజులే బాగా కష్టం. ఆ రోజుల్లో పాన్ డబ్బా ఉన్న దారిలో పోకండి, దోస్తుల దగ్గర ఒక్క దమ్ము కూడా వద్దు. మరీ ఆగలేకపోతే పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 1800-11-2356కి ఫోన్ చేయండి, ఉచితమే.