ఆక్సిజన్ లెక్క ఆఖరున చూడండి
మండే చర్యల సమీకరణాలు తుల్యం చేయాలంటే, అంటే రెండువైపులా పరమాణువుల లెక్క సమానం చేయాలంటే, చాలామందికి టెన్షన్. ముందే ఆక్సిజన్ జోలికి వెళ్లడం వల్లే ఆ తికమక. అది కుడివైపు వచ్చే కార్బన్ డయాక్సైడ్, నీరు రెండింటిలోనూ ఉంటుంది కదా! ముందు కార్బన్, తర్వాత హైడ్రోజన్, ఆఖరున ఆక్సిజన్.

ప్రొపేన్‌నే చూడండి. అణువులో 3 కార్బన్, 8 హైడ్రోజన్ పరమాణువులు. కాబట్టి కార్బన్ డయాక్సైడ్ అణువులు 3, నీటి అణువులు 4. వాటిలోని ఆక్సిజన్ పరమాణువులు 6, 4 కలిపి 10. ఒక్కో ఆక్సిజన్ అణువులో 2 పరమాణువులు, అంటే ఎడమవైపు 5 ఆక్సిజన్ అణువులు చాలు.

బ్యూటేన్‌కైతే ఆక్సిజన్ అణువుల లెక్క ఆరున్నర వస్తుంది. తప్పు చేశామని కొట్టేయకండి, అన్ని అంకెలనూ రెట్టింపు చేయండి: 2 బ్యూటేన్, 13 ఆక్సిజన్, 8 కార్బన్ డయాక్సైడ్, 10 నీరు. ఫార్ములా లోపలి చిన్న అంకెలను మాత్రం ముట్టుకోవద్దు, పదార్థమే మారిపోతుంది.