ఉద్గారాల లెక్క – 3వ పాఠం: బిల్లుల నుంచి టన్నుల దాకా

ఒక కంపెనీ భూమిని వేడెక్కించే వాయువులను ఎంత వదులుతోందో లెక్క కట్టడానికి గత పాఠంలో సరిహద్దు గీసుకున్నాం. ఏ షెడ్డు మనది, ఏ లారీ కాంట్రాక్టరుది, ఏ జనరేటర్ మీద అజమాయిషీ మనది అని తేల్చుకున్న ఆ కాగితాన్ని పక్కన పెట్టుకోండి. ఈ పాఠంలో అంకెల్లోకి దిగుతున్నాం. మన ఆవరణలో మనం కాల్చిన ఇంధనం, మన యంత్రాల్లోంచి లీకైన వాయువులు స్కోప్ 1 కిందికి వస్తాయి. మనం కొన్న కరెంటును పుట్టించడానికి విద్యుత్ కేంద్రాలు వదిలినవి స్కోప్ 2 కిందికి వస్తాయి.

ఈ రెండు అంకెలూ ఎందుకు తప్పనిసరో మొదటి పాఠంలో చూశాం. మార్కెట్ విలువలో ముందున్న 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక) ఇవ్వాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిర్దేశించింది. అందులో ఆరో సూత్రం పర్యావరణానిది, ఈ అంకెలు అక్కడే రాయాలి. 2023లో ఆ నివేదికలోని కీలక భాగంగా బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ వచ్చాక, ముఖ్యమైన అంకెలను బయటివారు పరిశీలించి ధ్రువీకరించే ఏర్పాటు మొదటి 150 కంపెనీలతో మొదలై, దశలవారీగా 1000కి విస్తరిస్తోంది. కాబట్టి లెక్క కట్టడం సగం పనే. పరిశీలకుడు వచ్చి "ఈ అంకె ఎక్కడిది?" అని అడిగినప్పుడు ఫైలు తీసి చూపించగలగడం మిగతా సగం. ఆ రెండో సగం మీదే నాకు పట్టింపు ఎక్కువ. గుణకారం ఎవరైనా చేస్తారు, కాగితం మాత్రం ఏడాది పొడవునా ఎవరో ఒకరు దాచి ఉంచితేనే ఉంటుంది.

అభ్యాసానికి భీమవరం పక్కన ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటును ఊహించుకుందాం. యజమాని ఒక లిస్టెడ్ కంపెనీ. శీతల గిడ్డంగులు, ఒక ఊక బాయిలర్, రెండు డీజిల్ జనరేటర్లు ఉన్నాయి. ప్లాంటుకు సంబంధించిన అంకెలు నేను కల్పించినవి, గుణకాలు (ఒక యూనిట్ కరెంటుకో ఇంధనానికో ఎంత ఉద్గారం అని చెప్పే అంకెలు) మాత్రం నిజమైనవి.

కరెంటు

ఇలాంటి ప్లాంటులో పెద్ద అంకె ఇదే, తప్పు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు బిల్లు చేతిలోకి తీసుకోండి. మన రెండు రాష్ట్రాల్లోనూ హెచ్‌టీ వినియోగదారులకు డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) డబ్బు వసూలు చేసేది కేవీఏహెచ్ (పవర్ ఫ్యాక్టర్ తేడా కూడా కలిసిన కొలత) మీద. అకౌంట్స్ విభాగం కంటికి ఆనేది కూడా ఆ అంకే, ఎందుకంటే రూపాయలు దానితోనే ముడిపడి ఉంటాయి. కానీ ఉద్గారాల లెక్కకు కావలసింది కేడబ్ల్యూహెచ్, అంటే నిజంగా వాడిన యూనిట్లు. అదే బిల్లులో వేరే గడిలో ఉంటుంది.

మన ప్లాంటు ఏడాదికి 60,00,000 కేడబ్ల్యూహెచ్ వాడిందనుకుందాం. కేవీఏహెచ్ 61,85,000. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా గ్రిడ్ ఉద్గార గుణకం ప్రకటిస్తుంది. 2023-24కు అది దేశం మొత్తానికి సగటున మెగావాట్ అవర్‌కు (అంటే 1,000 కేడబ్ల్యూహెచ్‌కు) 0.727 టన్నుల కార్బన్ డయాక్సైడ్.

6,000 × 0.727 = 4,362 టన్నులు.

పొరపాటున కేవీఏహెచ్ తీసుకుంటే 4,496 టన్నులకు పైనే వస్తుంది. చేయని ఉద్గారాలను 130 టన్నులకు పైగా మన నెత్తిన మనమే వేసుకున్నట్టు. పైగా వచ్చే ఏడాది ఎవరో సరైన గడి చూసి లెక్క కడితే, ఏ పనీ చేయకుండానే ఉద్గారాలు తగ్గినట్టు నివేదిక చెబుతుంది. నిజాయితీగా పనిచేసే కంపెనీ కూడా అలా అబద్ధం చెప్పినట్టవుతుంది. దాన్ని నేను చిన్న విషయంగా చూడలేను.

షెడ్డు పైకప్పు మీద సోలార్ ఉండి నెట్ మీటరింగ్ (మిగిలిన కరెంటును గ్రిడ్‌కు పంపే ఏర్పాటు) ఉంటే, గ్రిడ్ నుంచి తీసుకున్న ఇంపోర్ట్ అంకెనే తీసుకోండి. బయటికి పంపిన కరెంటును అందులోంచి తీసివేయకూడదు. సొంత సోలార్ నుంచి నేరుగా వాడుకున్నది వేరే వరుసలో రాయండి. ఇక బిల్లు రీడింగ్ నెలాఖరున కాకుండా నెల మధ్యలో తీస్తే, ఏప్రిల్, మార్చి బిల్లులను రోజుల లెక్కన విడదీయండి. పన్నెండు బిల్లులు కూడేస్తే చాలదా అని కొందరు అంటారు. ప్రతి ఏడాదీ అదే పద్ధతి పాటించి, ఆ మాట నివేదికలో రాస్తే దాన్నీ సమర్థించుకోవచ్చు, కానీ విడదీయడానికి పట్టేది అరగంట. ఏ సంవత్సరపు గుణకం వాడారో మాత్రం తప్పక రాయాలి. గ్రిడ్ గుణకం ఏటా మారుతుంది కాబట్టి, అది రాయని లెక్కను రెండేళ్ల తర్వాత మీరే తిరిగి కట్టలేరు.

డీజిల్

ఇక్కడ చూడవలసింది కొన్నది కాదు, కాల్చింది. ప్రారంభ నిల్వకు కొనుగోలు కలిపి, ముగింపు నిల్వ తీసేయండి. అలా 40,000 లీటర్లు తేలిందనుకుందాం. సాంద్రత లీటరుకు 0.83 కిలోలు తీసుకుంటే 33.2 టన్నులు. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2006 మార్గదర్శకాల ప్రకారం టన్నుకు 43 గిగాజౌళ్ల వేడి, గిగాజౌల్‌కు 74.1 కిలోల కార్బన్ డయాక్సైడ్. గుణిస్తే 105.8 టన్నులు. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కలిపితే సుమారు 106. జనరేటర్ గంటల మీటరు రీడింగ్‌ను స్టోర్స్ రిజిస్టర్ పక్కన పెట్టి చూడండి. రెండూ పొంతన కుదరకపోతే, డీజిల్ కంపెనీ కారులోకో ఫోర్క్‌లిఫ్ట్‌లోకో వెళ్తోందన్నమాట. అదీ స్కోప్ 1లోదే, కానీ రవాణా వరుసలో రాయాలి.

శీతలీకరణ వాయువులు

పెద్ద గిడ్డంగులు అమోనియాతో నడుస్తాయి. లీకైతే మనుషుల ప్రాణాలకు ప్రమాదమే, కానీ భూతాపానికి సంబంధించి దాని గుణకం సున్నా. చిన్న చిల్లర్లలో వాడే శీతలీకరణ వాయువు ఆర్-404ఏ అలా కాదు. ఐపీసీసీ ఐదో నివేదిక విలువల ప్రకారం దాని భూతాప గుణకం 3,943, అంటే ఒక కిలో లీకైతే 3,943 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఏడాదిలో 30 కిలోలు నింపించారంటే అంతే లీకైందని అర్థం.

30 × 3,943 = 1,18,290 కిలోలు, అంటే 118 టన్నులు.

ఒక మనిషి మోయగల సిలిండర్లలోని వాయువు, 40,000 లీటర్ల డీజిల్‌ను మించిపోయింది. అయినా నివేదికల్లో తరచూ ఖాళీగా మిగిలే గడి ఇదే, ఎందుకంటే మెకానిక్ ఇచ్చే బిల్లులో "గ్యాస్ ఛార్జింగ్" అని ఒక ముక్క, పక్కన రూపాయలు తప్ప ఏమీ ఉండవు. ఏ వాయువు, ఎన్ని కిలోలు అని రాయని బిల్లుకు చెల్లింపు జరగదని వర్క్ ఆర్డర్‌లోనే షరతు పెట్టండి. ఈ పాఠంలో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. కొత్త యంత్రంలో మొదటిసారి నింపింది లీకు కాదు, దాన్ని కలపకండి. పాత ఏసీల్లోని ఆర్-22 వాయువు ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం కిందికి వస్తుంది కాబట్టి, దాన్ని స్కోప్‌లలో కలపకుండా విడిగా చూపిస్తారు.

ఊక

"ఊక కాలిస్తే కార్బన్ సున్నా కదా" అనే మాట ప్రతి ప్లాంటులోనూ వినిపిస్తుంది. అది సగమే నిజం. 2,000 టన్నుల ఊకకు ఐపీసీసీ సాధారణ విలువలతో 2,320 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మొక్క గాలిలోంచి తీసుకున్నదే తిరిగి వెళ్తుంది కాబట్టి దాన్ని స్కోప్ 1లో కలపరు, అలాగని దాచరు కూడా. స్కోప్‌ల బయట విడిగా ప్రకటిస్తారు. కానీ అదే మంటలో పుట్టే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం స్కోప్ 1లోకి రావాలి. మన లెక్కలో అవి 44 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఊక తూకానికి ఆధారం వేబ్రిడ్జి స్లిప్పు. సరఫరాదారు "సుమారు ఇన్ని లోడ్లు" అని నోటిమాటగా చెప్పింది ఆధారం కాదు.

ఇప్పటికి స్కోప్ 1 మొత్తం సుమారు 268 టన్నులు, స్కోప్ 2 మొత్తం 4,362 టన్నులు.

అభ్యాసం

మరో ప్లాంటు వివరాలు ఇవి: గ్రిడ్ ఇంపోర్ట్ 32,50,000 కేడబ్ల్యూహెచ్, కేవీఏహెచ్ 33,85,000, నెట్ మీటర్ ద్వారా బయటికి పంపింది 90,000. డీజిల్ ప్రారంభ నిల్వ 1,800 లీటర్లు, కొనుగోలు 22,000, ముగింపు నిల్వ 2,300. ఆర్-404ఏ 12 కిలోలు, అందులో 5 కిలోలు కొత్త చిల్లర్‌లో మొదటిసారి నింపినవి. అమోనియా 200 కిలోలు. స్కోప్ 1, స్కోప్ 2 విడివిడిగా కట్టండి. ప్రతి అంకె పక్కన అది ఏ కాగితం నుంచి వచ్చిందో, ఆ కాగితం ఏ విభాగం దగ్గర ఉంటుందో రాయండి. జవాబులు తర్వాతి పాఠం మొదట్లో ఇస్తాను. ఆ తర్వాత రొయ్యల మేత, ఐసు, కోల్డ్ చైన్ లారీల లాంటి, మన అజమాయిషీలో లేని చోట్ల ఉద్గారాలు వచ్చే స్కోప్ 3 మొదలుపెడదాం.